చంద్రుడి గ్లోబు మీద ఖాళీ జాగా: తొలి అంతరిక్ష యుగపు మూన్ గ్లోబులను చదవడం ఎలా

## క్లుప్తంగా

1959లో రష్యన్ నౌక చంద్రుడి అవతలి వైపును ఫొటో తీసినప్పటి నుంచి 1972లో చివరి అపోలో యాత్ర ముగిసేదాకా తయారైన చంద్రుడి గ్లోబుల కోసం పాత వస్తువులు సేకరించేవాళ్లు ఇప్పుడు వెతుకుతున్నారు. ఒక్కో గ్లోబు తనను అచ్చువేసిన నాటికి చంద్రుడి గురించి మనిషికి ఎంత తెలుసో, ఎంత తెలియదో చూపిస్తుంది. దాని అసలు విలువ అదే. ఖాళీగా వదిలేసిన భాగం, తర్వాత లేవని తేలిన పర్వతాలు, ఇంకా పేరు పెట్టని బిలాలు చూసి అది ఏ కాలం నాటిదో చాలావరకు పట్టుకోవచ్చు. అమ్మేవాళ్లు అంటించిన చీటీ కన్నా ఈ గుర్తులే నమ్మదగ్గవి.

## అన్నీ బూడిద రంగు బంతులే, కానీ

ఆన్‌లైన్ వేలాల్లో "పాత మూన్ గ్లోబ్, 1960లు" అని రాసి పెట్టినవి పక్కపక్కనే కనిపిస్తాయి. ఫొటోల్లో చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ధరలకు మాత్రం ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. కొత్తగా ఈ సరదాలోకి దిగినవాళ్లు గందరగోళపడేది ఇక్కడే.

భూమి గ్లోబు అయితే కాలం చెప్పడం తేలిక. దాని మీద తూర్పు పాకిస్తాన్ అని ఉందా, బంగ్లాదేశ్ అని ఉందా చూస్తే 1971కి ముందుదో తర్వాతదో తెలిసిపోతుంది. సరిహద్దులు మారాయి కాబట్టి అచ్చు మారింది. చంద్రుడి మీద దేశాలు లేవు, సరిహద్దులు లేవు. అక్కడ మారింది మన జ్ఞానం ఒక్కటే. అదీ ఎంత వేగంగా మారిందంటే, 1961, 1966, 1968, 1971లలో అచ్చయిన నాలుగు గ్లోబులు వరసగా పెట్టి అవతలి వైపుకి తిప్పితే నాలుగు వేరు వేరు గోళాలు చూసినట్టు ఉంటుంది. ఒక్క దశాబ్దంలో ఇంతగా మారిన గ్లోబు మరొకటి దొరకడం కష్టం. అందుకే "1960ల నాటిది" అన్న మాట చంద్రుడి గ్లోబు విషయంలో ఏమీ చెప్పనట్టే లెక్క.

## అవతలి వైపు ఎందుకు దాగి ఉంది

చంద్రుడు భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి ఎంత కాలం పడుతుందో, తన చుట్టూ తాను తిరగడానికీ సరిగ్గా అంతే పడుతుంది. అందుకే ఎప్పుడూ ఒకే ముఖం మనవైపు ఉంటుంది. మన పెద్దలు కుందేలును చూసింది ఆ ముఖం మీదే, గెలీలియో దూరదర్శినిలో చూసిందీ అదే. చంద్రుడు కాస్త అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపించడం వల్ల అంచుల్లో కొంచెం అదనంగా తొంగిచూడవచ్చు. అదంతా కలిపినా భూమి నుంచి కనిపించేది మొత్తం ఉపరితలంలో 59 శాతమే.

అంతరిక్ష యుగానికి ముందూ చంద్రుడి నమూనాలు చేశారు. 1661లో క్రిస్టోఫర్ రెన్ ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ కోసం ఒకటి చేశాడు. అది ఇప్పుడు లేదు. జర్మనీలో 1854లో 19 అడుగుల వ్యాసంతో ఒక భారీ నమూనా పూర్తయింది. తర్వాత అది చికాగో ఫీల్డ్ మ్యూజియానికి చేరింది. అంత పెద్ద పని చేసినవాళ్లు కూడా సగం గోళమే చేశారు. రెండో సగం మీద ఏం చెక్కాలో ఎవరికీ తెలియదు మరి.

## 29 ఫొటోలతో ఒక గ్లోబు

1959 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ లూనా-3ని పంపింది. అక్టోబర్ 7న అది చంద్రుడి వెనక్కి వెళ్లి, సుమారు 65 వేల కిలోమీటర్ల దూరం నుంచి నలభై నిమిషాల పాటు 29 ఫొటోలు తీసింది. ఫిల్మును నౌకలోనే కడిగి, ఆరబెట్టి, కాంతిపుంజంతో స్కాన్ చేసి, రేడియో ద్వారా భూమికి పంపింది. అక్టోబర్ 27న ప్రపంచం ఆ ఫొటోలు చూసింది. మసకగా, చారలు చారలుగా ఉన్నాయి. అయినా అవతలి వైపులో దాదాపు 70 శాతం వాటిలో ఉంది.

చూసినవాళ్లను ముందుగా ఆశ్చర్యపరిచింది సముద్రాల లోటు. చంద్రుడి మీద సముద్రం అంటే నీళ్లు కాదు, గడ్డకట్టిన లావా మైదానం. ఇవతలి వైపు దాదాపు మూడో వంతు ఆ నల్లటి మైదానాలే. అవతలి వైపు అవి రెండు శాతానికి మించవు. అక్కడ స్పష్టంగా కనిపించిన కొద్ది నల్ల మచ్చల్లో ఒకదానికి మాస్కో సముద్రం అని, మధ్యలో తెల్లటి శిఖరం ఉన్న మరోదానికి రాకెట్ శాస్త్రానికి ఆద్యుడైన సియోల్కోవ్‌స్కీ పేరు పెట్టారు. 1961లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఈ పేర్లను ఆమోదించింది.

అదే ఏడాది మాస్కోలోని స్టెర్న్‌బర్గ్ ఖగోళ సంస్థలో యూరీ లిప్‌స్కీ బృందం తొలి సోవియట్ చంద్ర గ్లోబును తయారుచేసింది. స్కేలు 1:1,36,00,000. అంటే ఫుట్‌బాల్ కన్నా కాస్త పెద్ద బంతి, దాని మీద ఒక మిల్లీమీటరుకు 13.6 కిలోమీటర్లు.

ఈ గ్లోబును చేతిలోకి తీసుకుని నెమ్మదిగా తిప్పితే జరిగేది గమనించాలి. ఇవతలి వైపు రష్యన్ అక్షరాలతో కిక్కిరిసి ఉంటుంది. టైకో, కోపర్నికస్, ప్లేటో, ప్రశాంత సముద్రం, అన్నీ ఉంటాయి. అంచు దాటగానే పేర్లు పలచబడతాయి. బిలాల గుండ్రటి గీతలు పోయి మసక మచ్చలు వస్తాయి. ఇంకాస్త తిప్పితే అవీ ఆగిపోతాయి. ఆపైన ధ్రువం నుంచి ధ్రువం దాకా, పుచ్చకాయలో కోసి తీసిన ముక్కలాగా ఒక భాగం ఉత్త ఖాళీ. లూనా-3కి కనిపించని ప్రాంతం అది.

ఆ ఖాళీని ఊహించి నింపడం పెద్ద పనేమీ కాదు. చుట్టుపక్కల లాగే నాలుగు బిలాలు గీస్తే కొనేవాళ్లలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ పని చేయలేదు. అంతకుముందు లూనా-3 ఫొటోలతో ప్రచురించిన మొదటి పటంలోనూ ఇదే పద్ధతి. కచ్చితంగా ఉన్నవాటిని నిండు గీతతోనూ, ఆకారం ఇంకా తేలాల్సినవాటిని తెగిన గీతతోనూ చూపించారు. తెలియనిదాన్ని తెలియదని అచ్చువేసిన ఆ నిజాయితీ వల్లే ఈ గ్లోబులకు ఇవాళ ఇంత గౌరవం.

## లేని పర్వతాలు

జాగ్రత్తపడినా ఒక పెద్ద పొరపాటు జరిగింది. లూనా-3 ఫొటోల్లో ఒక పొడవాటి తెల్లటి చార కనిపించింది. దాన్ని పర్వతశ్రేణి అనుకుని సోవియట్ పర్వతాలు అని పేరు పెట్టారు. పటాల్లోకి, గ్లోబుల మీదికి ఆ పేరు ఎక్కింది.

పొరపాటుకు కారణం వెలుతురు. చంద్రుడి మీద ఎత్తుపల్లాలు తెలిసేది నీడల వల్ల. సాయంత్రం ఎండలో నేల మీద చిన్న గులకరాయికి కూడా పొడుగు నీడ పడుతుంది. మిట్టమధ్యాహ్నం బండరాయికీ నీడ ఉండదు. లూనా-3 ఫొటోలు తీసినప్పుడు సూర్యుడు దాని వెనక ఉన్నాడు. అవతలి వైపంతా మిట్టమధ్యాహ్నమే. నీడలు లేవు కాబట్టి ఎత్తు తెలియలేదు, నలుపు తెలుపుల తేడా మాత్రమే తెలిసింది. తర్వాత వచ్చిన స్పష్టమైన ఫొటోల్లో ఆ చోట పర్వతాలే లేవు. జోర్డానో బ్రూనో అనే చిన్న బిలం ఏర్పడినప్పుడు చిమ్మిన ధూళి చారలు అవి. పేరును తొలగించారు.

1965 జులై 20న మరో సోవియట్ నౌక జోండ్-3 చంద్రుణ్ని దాటుతూ 25 ఫొటోలు తీసింది. లూనా-3కి దొరకని భాగం చాలావరకు వాటిలో దొరికింది, స్పష్టతలోనూ ఇవి ఎన్నో రెట్లు మెరుగు. దాంతో చంద్రుడి ఉపరితలంలో దాదాపు 95 శాతం పటాల్లోకి వచ్చింది. ఈ సమాచారంతో 1967లో కోటికి ఒకటి స్కేలులో, సుమారు 35 సెంటీమీటర్ల వ్యాసంతో కొత్త సోవియట్ గ్లోబు వచ్చింది. పాత ఖాళీ జాగా చాలావరకు నిండింది. ఖాళీ ఉన్న గ్లోబుల కాలం సుమారు ఆరేళ్లే. అవి తక్కువగా దొరకడానికి ఇదొక కారణం.

## తెల్ల బంతి మీద పడిన బొమ్మ

గ్లోబు అంటే తేలిన విషయాలను అలంకారంగా చూపించే వస్తువు అనుకుంటారు. 1960ల మొదట్లో అది పరిశోధన పనిముట్టు కూడా. అరిజోనా విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రవేత్త జెరార్డ్ కైపర్ నడిపిన ప్రయోగశాలలో జరిగినది దీనికి ఉదాహరణ.

భూమి నుంచి చూస్తే చంద్రుడి అంచులోని గుండ్రటి బిలాలు సన్నటి కోలగా కనిపిస్తాయి. గాజుల్ని పక్కనుంచి చూసినట్టు ఉంటుంది. వీటి అసలు ఆకారం కోసం కైపర్ బృందం ఒక తెల్లటి అర్ధగోళం మీద చంద్రుడి ఫొటోను ప్రొజెక్టరుతో వేసింది. తర్వాత ఆ గోళానికి పక్కగా వెళ్లి కెమెరాతో దాన్ని ఫొటో తీసింది. చంద్రుడి అంచు మీదుగా ఎగురుతూ పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలాంటి దృశ్యం దొరికింది.

అక్కడ విద్యార్థిగా ఉన్న విలియం హార్ట్‌మన్ అలా చంద్రుడి అంచున ఉన్న ఓరియంటేల్ ప్రాంతాన్ని చూసినప్పుడు ఒకదాని చుట్టూ ఒకటిగా భారీ వలయాలు కనిపించాయి. నీళ్లలో రాయి వేస్తే వచ్చే అలల్లాంటి వలయాలు, 900 కిలోమీటర్లకు పైగా వెడల్పు. 1962లో కైపర్‌తో కలిసి దీన్ని ప్రచురించాడు. భారీ ఢీకొట్టుడు వల్ల ఏర్పడిన వలయాల లోయలను అర్థం చేసుకోవడంలో అదో మలుపు. అయిదేళ్ల తర్వాత అమెరికా నౌక లూనార్ ఆర్బిటర్-4 ఆ చోటును నేరుగా పైనుంచి ఫొటో తీసి, గోళం మీద చూసింది సరేనని తేల్చింది.

ఓరియంటేల్ అన్న పేరులోనే ఒక చిక్కుంది. ఆ మాటకు తూర్పు సముద్రం అని అర్థం. ఇప్పటి పటాల్లో అది చంద్రుడి పడమటి అంచున ఉంటుంది. 1961కి ముందు చంద్రుడి దిక్కులను భూమి మీద నిలబడి ఆకాశంలో చూసినట్టు లెక్కించేవారు. చంద్రుడి మీద నిలబడే మనిషికి అది తికమక. అందుకని 1961లో తూర్పు పడమరలను తారుమారు చేశారు, పేరు మాత్రం అలాగే ఉంచారు. అంత పాత లెక్కతో దిక్కులు రాసిన గ్లోబు కనబడితే దాని మూలపటం చాలా పాతదని అర్థం.

## తొనలు, రేకులు, గాలితో గీసిన నీడలు

అమెరికాలో గ్లోబుల వ్యాపారానికి చికాగో కేంద్రం. 1930లో మొదలైన రెప్లోగల్ కంపెనీ ఇళ్లకూ ఆఫీసులకూ భూమి గ్లోబులు అమ్మేది. డెనోయర్-గెప్పర్ట్ స్కూళ్లకు పటాలు సరఫరా చేసేది. రాకెట్ల మోజు పెరగగానే ఇద్దరూ చంద్రుడి గ్లోబులకు దిగారు. డెనోయర్-గెప్పర్ట్ చేసిన 16 అంగుళాల గ్లోబు, రెప్లోగల్ చేసిన 12 అంగుళాల గ్లోబు అపోలో కాలానికి గుర్తులుగా మిగిలాయి.

బంతి మీద బొమ్మ అంటించడం పాత విద్య. పటాన్ని నారింజ తొనల ఆకారంలో ముక్కలుగా అచ్చువేస్తారు, సాధారణంగా పన్నెండు. అట్ట గోళం మీద ఒక్కొక్కటీ తడిపి, సాగదీసి, అంచుకు అంచు కలిసేలా అంటిస్తారు. రెండు ధ్రువాల దగ్గర తొనల కొసలు కప్పడానికి రెండు గుండ్రటి బిళ్లలు. చవక రకాల్లో రేకు మీద ముందే అచ్చువేసి, రెండు డొప్పలుగా ఒత్తి, మధ్యలో బిగించేస్తారు. ఆ రేకు గ్లోబులు పిల్లల కోసం, బిలాలను సుమారుగా చూపిస్తే చాలు.

అసలు కష్టం బొమ్మ గీయడంలో ఉంది. ఫొటోను నేరుగా గ్లోబు మీదికి ఎక్కించలేం. ఒక్కో ఫొటోలో వెలుతురు ఒక్కో దిక్కు నుంచి పడుతుంది. అమెరికా వైమానిక దళపు పటాల విభాగం అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో చిత్రకారులను కూర్చోబెట్టింది. పాట్రీషియా బ్రిడ్జెస్ వంటివాళ్లు ఫొటోలు పోల్చుకుంటూ, 24 అంగుళాల దూరదర్శినిలో కళ్లతో చూసి సరిచూసుకుంటూ, రంగును సన్నగా చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో నీడలు వేశారు. చంద్రుడంతటా ఒకే దిక్కు నుంచి ఎండ పడుతున్నట్టు ఉండే ఆ శైలి ఆనాటి చంద్ర పటాలన్నిటికీ ఒరవడి అయింది. ఆ కాలపు మంచి గ్లోబుల్లో కనిపించే మెత్తటి బూడిద నీడల వెనక మనిషి చేయి ఉంది.

స్కేలు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 12 అంగుళాల గ్లోబు మీద ఒక మిల్లీమీటరు అంటే 11 కిలోమీటర్ల పైనే. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు లోపలి నగరమంతా ఆ గ్లోబు మీద నాలుగున్నర మిల్లీమీటర్లలో ఇమిడిపోతుంది. మాస్కో సముద్రం వెడల్పు ఇంచుమించు హైదరాబాదు నుంచి విజయవాడకు ఉన్నంత. అది రెండున్నర సెంటీమీటర్లు వస్తుంది. అయిదు కిలోమీటర్ల ఎత్తు పర్వతం అయితే అర మిల్లీమీటరు కూడా లేవదు. అందుకే చేత్తో తడిమితే గరుకుగా తగిలే ఉబ్బెత్తు గ్లోబుల్లో ఎత్తును కావాలని ఎన్నో రెట్లు పెంచుతారు. చంద్రుడు అంత గరుకు కాదు.

## కాలం పట్టుకునే గుర్తులు

1966 ఆగస్టు నుంచి 1967 ఆగస్టు దాకా అమెరికా అయిదు లూనార్ ఆర్బిటర్లను పంపి చంద్రుడిలో 99 శాతం ఫొటోలు తీసింది. దీంతో విచిత్రమైన పరిస్థితి వచ్చింది. అవతలి వైపు వేలాది బిలాలు కనిపిస్తున్నాయి, పిలవడానికి పేర్లు లేవు. 1969 జులైలో అపోలో-11 వ్యోమగాములు తీసిన ఒక ప్రసిద్ధ ఫొటోలోని పెద్ద బిలాన్ని అప్పుడు 308వ నంబరు బిలం అనే పిలిచారు. దాన్నే ఇవాళ డీడలస్ అంటారు.

1970లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఖగోళ సంఘం ఒకేసారి 513 పేర్లను ఆమోదించింది. అందువల్ల అవతలి వైపు బిలాలు వివరంగా ఉండి, పేర్లు మాత్రం అరకొరగా ఉన్న గ్లోబు 1967 - 1970 మధ్యదని అనుకోవచ్చు. సేకరించేవాళ్లకు ఇది చక్కటి కాలసూచిక. భారతీయ పాఠకులకు ఇందులో ఇంకో ఆనవాలు ఉంది. భాభా, జగదీశ్ చంద్ర బోస్, శిశిర్ కుమార్ మిత్రా పేర్లు చంద్రుడి అవతలి వైపుకి చేరింది ఆ 1970 జాబితాతోనే. గ్లోబు మీద భాభా కనిపిస్తే అది అంతకు ముందుది అయ్యే అవకాశం లేదు. 1971 డిసెంబరులో కన్నుమూసిన విక్రమ్ సారాభాయ్ పేరును 1973లో నిర్మల సముద్రంలోని బెసెల్-ఎ అనే చిన్న బిలానికి పెట్టారు. అది ఇవతలి వైపే ఉంది. అయితే చిన్న గ్లోబుల మీద అంత చిన్న బిలానికి పేరు రాసే చోటు ఉండదు.

ప్రశాంత సముద్రంలో అపోలో-11 దిగిన చోటుకు దగ్గర్లోని మూడు చిన్న బిలాలకు ఆల్డ్రిన్, కాలిన్స్, ఆర్మ్‌స్ట్రాంగ్ అని పెట్టిందీ 1970లోనే. దిగిన నౌకల గుర్తులు మరో ఆధారం. సోవియట్ నౌక లూనా-9 గుర్తుంటే 1966 ఫిబ్రవరి తర్వాతది. చంద్రుడి నేల మీద నడిచిన సోవియట్ బండి లూనోఖోద్ గుర్తుంటే 1970 నవంబరు తర్వాతది. ఆరు అపోలోలూ ఉంటే 1972 డిసెంబరు దాటినట్టే.

ఈ లెక్కలో ఒక జాగ్రత్త ఎప్పుడూ అవసరం. ఉన్న పేరు గట్టి సాక్ష్యం, లేని పేరు బలహీనమైన సాక్ష్యం. కంపెనీలు పాత అచ్చు కాగితాలు అయిపోయేదాకా వాడతాయి. పాత అచ్చు పలకకే ఒక అపోలో గుర్తు చేర్చి కొత్తదిగా అమ్మడమూ మామూలే. అపోలో-11 గుర్తున్నా అవతలి వైపు మాత్రం పాత సమాచారమే ఉన్న గ్లోబులు ఇలా పుట్టినవే. అన్నిటికన్నా కొత్త గుర్తు ఏదో వెతికి, గ్లోబు దానికన్నా పాతది కాదని చెప్పడం వరకే న్యాయం. కాపీరైట్ సంవత్సరం చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు దగ్గర ఉంటుంది. దాన్ని కూడా అవతలి వైపుతో సరిపోల్చి చూడాలి.

## ధరను నిర్ణయించేవి

విలువ మూడు దిక్కుల నుంచి వస్తుంది: ఏ దశ నాటి జ్ఞానం, ఎంత తక్కువగా దొరుకుతుంది, ఎంత బాగా ఉంది. ఖాళీ జాగా ఉన్న 1961 సోవియట్ గ్లోబు మొదటి రెండిటిలో ముందుంటుంది. 1969 తర్వాత అమెరికాలో పెద్ద సంఖ్యలో అమ్ముడైన 12 అంగుళాల గ్లోబులు చూడ్డానికి ఎంత బాగున్నా మామూలు ధరకే దొరుకుతాయి. రేకు గ్లోబులకు బొమ్మలు సేకరించేవాళ్ల నుంచి వేరే గిరాకీ ఉంది. అక్కడ పట్టించుకునేది రంగు, తుప్పు, సొట్ట. శాస్త్రం సంగతి తర్వాత.

దెబ్బలు ఎక్కడ వెతకాలో ముందే తెలిస్తే మేలు. తొనల అతుకుల వెంట చీలికలు, రెండు అర్ధగోళాలు కలిసే మధ్యరేఖ దగ్గర ఉబ్బు, ధ్రువాల దగ్గర అరిగిన కాగితం. పైపూత పసుపెక్కడం వయసుతో వచ్చేదే, దాన్ని తోమి తెల్లగా చేయాలని చూస్తే అచ్చు కూడా లేచిపోతుంది. కిటికీ పక్కన ఏళ్ల తరబడి ఉన్న గ్లోబు ఒకవైపే వెలిసిపోయి ఉంటుంది. మన కోస్తా జిల్లాల ఉక్కలో కాగితం గ్లోబు ఉంచేవాళ్లకు ఇంకో సమస్య, ఆ జిగురును పుస్తకాల పురుగు తింటుంది. గాలి ఆడే చోట, నేరుగా ఎండ పడకుండా ఉంచడమే దానికి మందు.

నకిలీల గొడవ ఇక్కడ తక్కువ. తప్పు కాలం చెప్పి అమ్మడం ఎక్కువ. 1970ల చివర్లో అచ్చయిన గ్లోబును అపోలో-11 నాటిదని నమ్మి అమ్మేవాళ్లూ, అలాగే కొనేవాళ్లూ ఉంటారు. ఫొటోల్లో ఇవతలి వైపు మాత్రమే పెట్టి ఉంటే, అవతలి వైపు ఫొటో అడగడం కొనేవాళ్ల మొదటి పని కావాలి.

## ఇకముందు

2009 నుంచి చంద్రుడి చుట్టూ తిరుగుతున్న అమెరికా ఆర్బిటర్ తీసిన ఫొటోలతో ఇవాళ అత్యంత వివరమైన గ్లోబులు వస్తున్నాయి. వాటి పక్కన 1960ల గ్లోబు పటంగా ఎందుకూ పనికిరాదు. అదే దాన్ని చారిత్రక పత్రంగా మార్చింది. కొత్తవి ఎన్నైనా అచ్చువేయవచ్చు, పాతవి మాత్రం ఏటా కొన్ని పాడవుతూ తగ్గుతాయి. 2019 జనవరిలో చైనా నౌక అవతలి వైపు దిగడం, 2024లో మరోటి అక్కడి మట్టిని తేవడం వల్ల ఆ వైపు మొదటి చిత్రాల మీద ఆసక్తి మళ్లీ పెరగడం సహజం.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగిన చోటును కూడా ఈ పాత గ్లోబుల మీద వెతకవచ్చు. దక్షిణాన 69 డిగ్రీల దగ్గర, మాంజినస్, సింపీలియస్ అనే రెండు పాత బిలాల నడుమ. అవి భూమి నుంచి ఎప్పుడో చూసి పేరు పెట్టినవి కాబట్టి 1961 నాటి పటాల్లోనూ ఉన్నాయి. కాకపోతే 12 అంగుళాల గ్లోబు మీద ఆ చోటు ధ్రువానికి అయిదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. చాలా చంద్ర గ్లోబులకు ఇరుసు ఉండదు, ఒక గుండ్రటి కట్టు మీద ఊరికే కూర్చుని ఉంటాయి. అడుగున ఉన్న ఆ చోటు కట్టు వెనక మరుగున పడుతుంది. దాన్ని చూడాలంటే గ్లోబును రెండు చేతులతో పైకి ఎత్తి, తలకిందులుగా తిప్పి పట్టుకోవాలి.